"ఎవరికి?" – శబ్దానికి చట్టం కట్టిన కొలతలు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయవలసిందని మన సంఘ కార్యదర్శి గారు అడిగినప్పుడు, పెన్షను సవరణలు, కరువు భత్యం బాకీల గురించి వ్రాసే అనుభవజ్ఞులు చాలామంది వున్నారు గనుక నేను శబ్దం గురించి వ్రాస్తానన్నాను. ఆయన నవ్వి, "మీ వీధిలో డి.జె. పెట్టినారా సార్?" అన్నారు. పెట్టినమాట నిజమే. కాని ఈ విషయం నా మనసులో పడింది డి.జె.లు పుట్టకముందు, 1978లో, నేను ఒక తాలూకాఫీసులో గుమాస్తాగా వున్నప్పుడు.

ఒక గ్రామంలో పిండిమిషను పక్క ఇంట్లో వుండే విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరు అర్జీ పెట్టుకున్నారు. మిషను ఇంజను తెల్లవారుజామున మొదలై రాత్రి పొద్దుపోయేదాకా ఆగదనీ, గోడలు అదురుతున్నాయనీ, నిద్ర లేదనీ ఆ అర్జీ సారాంశం. విచారించి రిపోర్టు వ్రాయమని నన్ను పంపినారు. వెళ్లి ఆ ఇంటి పంచలో ఒక గంటసేపు కూర్చున్నాను. అయ్యవారు ఇచ్చిన కాఫీ గ్లాసు అరుగు మీద పెడితే అదంతట అదే జరిగింది. తిరిగివచ్చి, "శబ్దము భరింపరానిదిగా నున్నది" అని నోట్ ఫైలులో వ్రాసి పైకి పంపినాను. మరునాడు ఫైలు తిరిగివచ్చింది. "భరింపరానిది" అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత, అంచున తహసీల్దారు గారి చేతివ్రాతలో ఒకే ఒక్క మాట: "ఎవరికి?"

నాకు కోపం వచ్చింది. ఆ గ్లాసు జరగడం ఆయన చూసి వుంటే అలా అడిగేవారు కాదు అనుకున్నాను. ఆ తరువాత మూడు దశాబ్దాలు సర్వీసు చేసి, పదవీ విరమణ తరువాత తీరికగా చట్టాల పుస్తకాలు తిరగేసినాక తెలిసింది, ఆ ప్రశ్న ఆయనది కాదని. శబ్దం గురించి మన దేశంలో చట్టం వ్రాసినవారందరూ నూటయాభై ఏళ్లకు పైగా ఆ ప్రశ్నకే జవాబు వెతుకుతూ వచ్చినారు.

మన దువ్వూరు సంగతితో మొదలుపెడతాను. కె.సి. కాలువ నీళ్లతో వరి, పసుపు పండే ఊరు. మైదుకూరు నుండి ఆళ్లగడ్డ వైపు పోయే కడప – కర్నూలు పెద్దరోడ్డు మీద వున్న ఊరు. మన చిన్ననాటికి ఆ రోడ్డు మీద బస్సు వచ్చేది మైలు దూరం నుండే వినిపించేది. మిగిలిన సద్దులన్నీ మనుషులవీ పశువులవీ. "సద్దు" అన్న మాట ఎందుకు వాడినానంటే, మన సీమలో శబ్దానికి వున్న మాటలే ఒక చిన్న చట్టం లాంటివి. సద్దు అంటే వుందా లేదా అన్నంత మాత్రమే. చప్పుడు అంటే కారణం వెతుక్కోవలసినది. రొద అంటే ఆగకుండా సాగేది. గలాటా అంటే మనుషులు కలిసి చేసేది. ఏది ఓర్చుకోవాలో, ఏది అడగాలో, దేనికి కర్ర తీసుకొని బయటికి రావాలో ఆ మాటలోనే వుండేది. చట్టం ఇంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు.

అసలు ఊళ్లో అన్నిటికన్నా పెద్ద సద్దు సర్కారుదే. శిస్తు కట్టవలసిన గడువైనా, కాలువ నీళ్లు వదిలే సమాచారమైనా, వేలంపాట అయినా, తలారి తప్పెట కొట్టి చాటింపు వేయవలసిందే. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు, 54వ రూలులో, స్థిరాస్తి జప్తు చేసినప్పుడు ఆ ఆస్తి దగ్గరో పక్కనో తప్పెట కొట్టించి గాని, వాడుకలో వున్న మరో పద్ధతిలో గాని ప్రకటించాలని వుంది. కోర్టు ప్రాసెస్ సర్వర్లుగా పనిచేసిన మన సభ్యులకు ఇది కొట్టినపిండి. ఒకడి ఇల్లు పోతున్నదని ఊరంతా వినేటట్టు కొట్టడం చట్టబద్ధమైన శబ్దం. అదే తప్పెటను అదే మనిషి తన పెండ్లి ఊరేగింపులో పెద్దవీధిలో కొడితే అది గలాటా. చాలా ఊళ్లలో ఈ తేడా ఎవరు వ్రాయకుండానే అమలైంది, మనలో వయసు మళ్లినవారికి గుర్తుండే వుంటుంది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ ఉద్యమానికి దండోరా అన్న పేరు ఊరికే రాలేదు.

ఇక కాగితం మీది చట్టానికి వస్తాను. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ ముసాయిదాకు మూలం మెకాలే అధ్యక్షతన 1830లలో పనిచేసిన లా కమిషను. అందులో 268వ సెక్షన్ పబ్లిక్ న్యూసెన్సు అంటే ఏమిటో చెప్తుంది. ప్రజలకు గాని, ఆ సమీపంలో నివసించే లేదా ఆస్తి కలిగిన జనసామాన్యానికి గాని ఉమ్మడిగా హాని, ప్రమాదం, చికాకు కలిగించే పని అది. శబ్దం అన్న మాట అందులో ఎక్కడా లేదు. మురుగు, దుర్వాసన, పొగ, సద్దు అన్నీ ఆ "చికాకు" అన్న ఒక్క మాటలో ఇమిడిపోవలసిందే. ఇక్కడే "ఎవరికి?" అన్న ప్రశ్నకు మొదటి జవాబు దొరుకుతుంది. ఒకడికి కాదు, చుట్టుపక్కల వారందరికీ. ఒక్కడికే చికాకైతే అతను సివిల్ దావా వేసుకోవచ్చు, సర్కారుకు సంబంధం లేదు.

దీనికి శిక్ష 290వ సెక్షన్ కింద 200 రూపాయలకు మించని జరిమానా. 1860లో 200 రూపాయలంటే ఒక బంట్రోతుకు ఎన్నో నెలల జీతం. ఆ అంకె మాత్రం మారలేదు. రెండు ప్రపంచ యుద్ధాలు జరిగినా, స్వాతంత్ర్యం వచ్చినా, మన జీతాలకు ఎన్ని పే రివిజన్లు అయినా, ఆ 200 అలాగే వుండిపోయింది. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చినప్పుడు, 292వ సెక్షన్ కింద అది 1,000 రూపాయలు అయింది. నూట అరవై ఏళ్లకు పైగా పే రివిజను లేని పద్దు ఇదొక్కటే అనుకుంటాను.

ఆ కాలంలోనే లండనులో ఇంకొక రకం ఆలోచన జరిగింది, పోల్చి చూడదగినది. అక్కడ వీధుల్లో వాయిద్యాలు వాయిస్తూ డబ్బులడిగేవారి బెడద ఎక్కువ. 1839 నాటి పోలీసు చట్టం ప్రకారం, ఇంట్లో ఎవరికైనా జబ్బుగా వుందని గాని, మరేదైనా సబబైన కారణం గాని చెప్పి ఆ వాయిద్యగాణ్ణి అక్కడినుండి పొమ్మనే హక్కు ఇంటి యజమానికి వుండేది. లెక్కించే యంత్రాలకు ఆద్యుడైన చార్లెస్ బాబేజి ఈ వీధి సంగీతం వల్ల తన పని సాగడం లేదని ఏళ్లతరబడి పోరాడినాడు. 1864లో చట్టాన్ని సవరించి, ఇంట్లోవారి రోజువారీ పనికి ఆటంకం కలిగినా చాలునన్నారు. అంటే అక్కడ ఒకే ఒక్క ఇంటి జబ్బు చాలు, ఊరంతా రానక్కరలేదు. మనకు వచ్చింది ఇంగ్లీషువారి చట్టమే అయినా, ఈ వెసులుబాటు మాత్రం మన పీనల్ కోడులో లేదు.

మనదేశంలో తెల్లవారి భయమంతా ఊరేగింపుల మీద. 1882లో మద్రాసు రాజధానిలోని సేలంలో మసీదు ముందు వాయిద్యాలతో ఊరేగింపు విషయమై పెద్ద అల్లర్లు జరిగినాయి. మరుసటి ఏడు మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి తీర్పు ఇచ్చింది. ఏ మతంవారికైనా రాజవీధిలో ఊరేగింపు చేసుకొనే హక్కు వుంది, కాని అది ఇతరుల రాకపోకలకు అడ్డు కాకూడదు, మేజిస్ట్రేటు చట్టప్రకారం ఇచ్చే ఆదేశాలకు లోబడి వుండాలి అని దాని సారాంశం. ఆ నాటికి మన కడప కూడా మద్రాసు రాజధానిలోదే గనుక ఆ తీర్పు మనకూ చెల్లింది. 1861 నాటి పోలీసు చట్టంలో 30వ సెక్షన్, పండుగలు పబ్బాలప్పుడు వీధుల్లో వాయిద్యాలు ఎంతమేరకు వుండాలో క్రమబద్ధం చేసే అధికారం పోలీసులకు ఇచ్చింది. ఆ సెక్షన్ పేరు తెలియనివారు మన జిల్లాలో వుండరు. ఎన్నికలు వచ్చినా, గొడవలు జరిగినా "30 యాక్టు అమల్లో వుంది" అని పేపర్లో చదవడం మనకు అలవాటే. అది శబ్దం కోసం కూడా పుట్టిందని చాలామందికి తెలియదు. ఈ తీర్పులోనూ, ఈ సెక్షన్లోనూ గమనించవలసింది ఒకటుంది. ఎంత గట్టిగా అన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరి ముందు అన్నవే ప్రశ్నలు. ఆ రోజుల్లో గట్టితనానికి ఒక హద్దు సహజంగానే వుండేది గదా. మనిషి చేతిలో ఎంత బలముంటే తప్పెట అంతే మోగుతుంది. చెయ్యి నొప్పి పుడితే ఆగుతుంది.

ఆ హద్దును చెరిపేసింది మైకు. అమెరికాలో 1915లో జెన్సెన్, ప్రిడమ్ అనే ఇద్దరు తయారుచేసిన మాగ్నవాక్సు లౌడుస్పీకరు, పదిహేను ఇరవై ఏళ్లకే మన దేశంలో కాంగ్రెసు సభలకు చేరింది. పల్లెలకు పంచాయతీ రేడియోగా వచ్చింది. సాయంకాలం పంచాయతీ ఆఫీసు ముందు కూర్చొని గొట్టంలోంచి వార్తలు విన్నవాళ్లం మనం. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం వచ్చినాక మన యాసే ఆ గొట్టంలోంచి వినిపిస్తే ఎంత మురిసిపోయినామో. అప్పట్లో దాన్ని రొద అన్నవారు ఎవరూ లేరు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 1969 ప్రాంతంలో శ్రీరామనవమికి ప్రొద్దుటూరు నుండి బస్సు టాపు మీద మైకుసెట్టు తెచ్చిన కుర్రవాళ్లలో నేనొకణ్ణి. బ్యాటరీ, గ్రామఫోను, ఒక పెద్ద గొట్టం. గొట్టాన్ని వేపచెట్టు చిటారుకొమ్మకు కట్టినాము, నాలుగు ఊళ్లకు వినిపించాలని. రాత్రి పదకొండు దాటినాక ఒక పెద్దాయన కండువా సర్దుకుంటూ వచ్చి, "ఒరే నాయనా, ఇంట్లో పురుడు పోసుకున్న బిడ్డ వుంది, ఊయల్లో పసిగుడ్డు ఉలిక్కిపడి లేస్తా వుంది, కొంచెం తగ్గించండి" అన్నారు. "సరే పెదనాయనా" అని తగ్గించినాము. ఆయన సందు మలుపు తిరిగినాక మళ్లీ పెంచినాము. ఆయన మళ్లీ రాలేదు. ఇన్నేళ్ల తరువాత కూడా, ఆయన మళ్లీ రాకపోవడమే నాకు గుర్తుకొస్తుంది. లండను వీధిలో అయితే చట్టం ఆయన పక్షాన వుండేది. మా వీధిలో ఆయనొక్కడు. ఊరంతా పండుగ చేసుకుంటున్నది.

మైకు పెరిగేకొద్దీ కొలత అవసరమైంది. డెసిబెల్ అన్న కొలత 1920లలో అమెరికాలో బెల్ టెలిఫోను సంస్థవారు టెలిఫోను తీగల్లో శబ్దనష్టం లెక్కకట్టడానికి తయారుచేసుకున్నది. అలెగ్జాండరు గ్రాహంబెల్ పేరు మీద దానికా పేరు. 1929లో న్యూయార్కు నగరం ఒక కమిషను వేసి, వీధివీధికీ యంత్రాలు తిప్పి నగరపు రొదను కొలిపించి మరుసటి ఏడు నివేదిక అచ్చువేసింది. "నాకు చికాకుగా వుంది" అన్న మాట స్థానంలో అంకె వచ్చి కూర్చోవడం అప్పుడు మొదలైంది. ఈ అంకె మన లెక్కల మాదిరి కాదు, జాగ్రత్తగా చూడాలి. 55 కంటె 65 పది ఎక్కువ అనుకుంటాము. నిజానికి శబ్దశక్తి పదిరెట్లు. 75 అయితే వందరెట్లు. చెవికి మాత్రం పది డెసిబెల్సు పెరిగితే సుమారు రెట్టింపు అయినట్టు తోస్తుంది.

మన దేశంలో ఈ అంకె చట్టంలోకి రావడానికి చాలాకాలం పట్టింది. 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టంలో మొదట శబ్దం లేదు. 1987లో సవరించి, వాయు కాలుష్య కారకం అన్న నిర్వచనంలో "శబ్దంతో సహా" అన్న మాట చేర్చినారు. అది 1988 ఏప్రిల్ 1 నుండి అమలయింది. పొగ, ధూళి పక్కన సద్దు కూడా చేరింది. ఆ తరువాత 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2000 ఫిబ్రవరి 14న శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు వచ్చినాయి. ఇప్పటికీ మనకు ఆధారం ఇవే, కొన్ని సవరణలతో.

ఆ నిబంధనల పట్టిక ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు. వ్యాపార ప్రాంతంలో 65, 55. పరిశ్రమల దగ్గర 75, 70. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ నూరు మీటర్ల మేర ప్రకటించిన నిశ్శబ్ద మండలంలో 50, 40. పగలు అంటే ఉదయం 6 నుండి రాత్రి 10 వరకు. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటేనే దాదాపు 60 వుంటుంది గనుక, మన పట్టిక చాలా గట్టిదే. అయితే దువ్వూరు పెద్దరోడ్డు మీద కింద అంగడి, పైన ఇల్లు. ఆ ఇంట్లో పండుకున్న మనిషికి ఏ కాలమ్ వర్తిస్తుంది? మిశ్రమ ప్రాంతాలను నాలుగింటిలో ఒకటిగా అధికారులు ప్రకటించవచ్చునని పట్టిక కిందనే వ్రాసి వుంది. ప్రకటించేదాకా ఆ మనిషి మేడ మీదనే మెలకువగా వుండాలి.

2000 ఆగస్టులో సుప్రీంకోర్టు మద్రాసుకు చెందిన ఒక కేసులో, ఒక కాలనీవారికీ ఒక ప్రార్థనా మందిరానికీ మధ్య వచ్చిన తగాదాలో, ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి మైకుల్లోనో డప్పులతోనో ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పలేదని తీర్పు ఇచ్చింది. గుడి, మసీదు, చర్చి అన్న తేడా లేకుండా అందరికీ అది వర్తిస్తుంది. అంతకన్నా మనసు కలచివేసేది 2005 జూలై 18 నాటి తీర్పుకు మూలమైన ఉదంతం. ఢిల్లీలో పదమూడేళ్ల బాలికపై అత్యాచారం జరిగింది. ఆమె ఆర్తనాదాలు చుట్టుపక్కల మోగుతున్న మైకు పాటల హోరులో ఎవరికీ వినిపించలేదు. ఆ బాలిక తరువాత మరణించింది. ఒక ఇంజనీరు ఈ ఉదంతం ఆధారంగా ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసినారు. ప్రధాన న్యాయమూర్తి లహోటీ గారు, జస్టిస్ అశోక్ భాన్ గారు ఇచ్చిన ఆ తీర్పులో, రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు అత్యవసర పరిస్థితుల్లో తప్ప మైకు గాని, డప్పు గాని, బాకా గాని మోగించరాదని ఆదేశించినారు. రొద అంటే మనకు నిద్రాభంగమనే అనుకుంటాము. అవసరమైన కేకను కూడా అది మింగేస్తుందని ఆ కేసు చదివినాకనే నాకు తట్టింది.

ఆ మాటకు వస్తే మన జిల్లాలో అర్ధరాత్రి చప్పుడుకు వేరే అర్థం వుండిన రోజులు కూడా మనం చూసినాము. జమ్మలమడుగు, పులివెందుల వైపు పనిచేసిన మిత్రులను అడగండి. ఎక్కడో పెండ్లిలో లక్ష్మీబాంబు పేలినా ఇంట్లో ఆడవాళ్లు లేచి కూర్చొని, మగవాళ్లు అందరూ ఇంట్లోనే వున్నారా అని లెక్క చూసుకొనేవారు. 1999 నాటి నోటిఫికేషను ప్రకారం టపాకాయ పేలిన చోటికి నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్సు దాటరాదు. ఆ ఇంటి ఇల్లాలికి ఎన్ని డెసిబెల్సు అన్నది కాదు గదా భయం.

ఇప్పుడు మళ్లీ నా పాత ఫైలు సంగతి. "ఎవరికి?" అన్న ప్రశ్నతో ఫైలు తిరిగివచ్చినాక మళ్లీ ఆ ఊరికి పోయినాను. ఈసారి అయ్యవారి పంచలో కూర్చోకుండా ఇల్లిల్లూ తిరిగినాను. పదకొండు ఇళ్లు. ఒక ఇంట్లో బాలింత, ఇంకో ఇంట్లో పదో తరగతి చదివే ఇద్దరు పిల్లలు, ఒక ఇంట్లో పక్షవాతం వచ్చిన ముసలామె. మిషను యజమానికి బంధువైన ఒకాయన, "నాకేం ఇబ్బంది లేదు" అన్నారు, అదీ వ్రాసుకున్నాను. పదిమంది చేత సంతకాలు, వేలిముద్రలు తీసుకొని, ఏ గంటకు మొదలవుతుందో ఏ గంటకు ఆగుతుందో వ్రాసి పెట్టినాను. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్లో, సమాజపు ఆరోగ్యానికి గాని శారీరక సుఖానికి గాని భంగం కలిగించే వ్యాపారం అన్న మాటలున్నాయి. ఒక అయ్యవారి నిద్ర సమాజం కాదు, పది ఇళ్లు సమాజం. ఫైలు పై అధికారికి వెళ్లి షరతులతో ఆర్డరు వచ్చింది. మిషను యజమాని ఇంజనుకు సైలెన్సరు పెట్టించి, రాత్రి ఎనిమిదికి ఆపేటట్టు ఒప్పుకున్నాడు. ఎర్ర సిరా పెట్టిన ఆ తహసీల్దారు గారు ఇప్పుడు లేరు. ఆయనను నేను మనసులో తిట్టుకున్న సంగతి ఆయనకు తెలియదు.

ఇంత చదివినాక నాకు అర్థమైందేమిటంటే, అంకె వచ్చినా పాత ప్రశ్న పోలేదు. 2000 నాటి నిబంధనల్లోనే 8వ రూలు చూడండి. చికాకు, అలజడి, అసౌకర్యం, హాని కలుగకుండా చూడడానికి అవసరమని తోస్తే అధికారి శబ్దాన్ని నిషేధించవచ్చునని వుంది. 1860 నాటి "చికాకు" డెసిబెల్సు పక్కనే కూర్చొని వుంది. అది వుండడమే మంచిది. ఎందుకంటే దువ్వూరు మండల కేంద్రంలో డెసిబెల్ యంత్రం పట్టుకొని ఎవరు వస్తారు? 2011లో మొదలైన జాతీయ శబ్ద పర్యవేక్షణ కేంద్రాలు హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు వంటి ఏడు మహానగరాలకే. సెల్‌ఫోనులో కొలిచే యాప్‌లు వున్నాయి గాని అవి ఉజ్జాయింపు లెక్కలు, సాక్ష్యానికి నిలవవు.

అయితే ఒక ముఖ్యమైన సంగతి చాలామంది గమనించడం లేదు. 7వ రూలు ప్రకారం పగటిపూట ఫిర్యాదు చేయాలంటే పరిమితికి పది డెసిబెల్సు మించి వుండాలి. రాత్రి ఆంక్షల ఉల్లంఘనకు ఆ షరతు లేదు. రాత్రి పది దాటినాక మూసిన హాలులో లోపలివారి కోసం తప్ప, ఆరుబయట మైకు మోగిందంటే అదే ఉల్లంఘన. 55 అయినా 95 అయినా ఒకటే. అంటే పది తరువాత యంత్రం అక్కరలేదు, మన గోడగడియారం చాలు. ఒకే మినహాయింపు వుంది. పండుగలు, సాంస్కృతిక సందర్భాల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా రాత్రి 12 వరకు అనుమతి ఇవ్వవచ్చును. 2002లో చేర్చిన ఈ సడలింపును 2005 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ రోజులు ఏవో ప్రభుత్వమే ప్రకటించాలి. వీధి కమిటీవారు తమకు తాము ప్రకటించుకోవడానికి లేదు.

గట్టి హారన్ల మాట కూడా ఒకటి చెప్పాలి, మన ఊరు జాతీయ రహదారి మీద వుంది గనుక. ఒకప్పుడు 18వ నంబరు, ఇప్పుడు 40. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల 119వ రూలు పలు స్వరాల హారన్లను, కర్కశంగా కూసే హారన్లను నిషేధించింది. అనవసరంగా హారను కొడితే 2019 సవరణ ప్రకారం మొదటిసారి 1,000, మళ్లీ చేస్తే 2,000 రూపాయలు. అమలు సంగతి పెద్దరోడ్డు మీద ఇల్లున్నవారిని అడగవలసిందే.

మొన్న వినాయకచవితికి మా సందు చివర పందిరి వేసినారు. నా ఇంటికి ఎదురుగా గుండెకు పేస్‌మేకరు పెట్టించుకున్న మన సభ్యులొకరు వున్నారు. వయసుతో వినికిడి తగ్గినవారికి చిన్న మాట వినిపించదు గాని, పెద్ద శబ్దం మామూలువారికన్నా ఎక్కువ బాధ పెడుతుంది. ఇది వారి ఇంట్లో పిల్లలకు అర్థం కాదు, "నీకు వినపడదు కదా తాతా" అంటారు. మొదటిరోజు సాయంకాలమే నేను పోయి పందిరి కుర్రవాళ్లతో కూర్చున్నాను. మైకు మోగినాక పోతే కొట్లాట అవుతుంది, మోగకముందు పోతే మాట అవుతుంది. నిబంధనల కాగితం జేబులోనే వుంచినాను. పదిగంటలకు ఆపమన్నాను. "సార్, పక్క వీధోళ్లు పన్నెండు దాకా పెడతారు" అన్నారు. ఎదురింటాయన పరిస్థితి చెప్పి, ఈ సందులో ఇంకా ఎవరెవరు మంచాన వున్నారో, ఎవరింట్లో పసిపిల్లలున్నారో ఒక్కొక్క ఇల్లే చెప్పినాను. వాళ్లకు తెలియని ఇళ్లు నాలుగు వున్నాయి. స్పీకరు పెట్టెలు రోడ్డు వైపు తిప్పినారు, పదిన్నరకు ఆపినారు. నిమజ్జనం రోజు మాత్రం డి.జె. పెట్టినారు. ఆ రోజు మిత్రుడిని ప్రొద్దుటూరులో వాళ్ల కూతురింటికి పంపించినాము.

మాటతో కానప్పుడు అర్జీ వ్రాయవలసినవారి కోసం నాలుగు మాటలు. నిబంధనల ప్రకారం అధికారి అంటే జిల్లా మేజిస్ట్రేటు, లేదా డి.ఎస్.పి. హోదాకు తగ్గకుండా ప్రభుత్వం నియమించిన అధికారి. అప్పటికప్పుడైతే 112కు ఫోను చేయవచ్చు, లేదా స్టేషనులో చెప్పవచ్చు. పాత 133వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షన్. పర్యావరణ చట్టం కింద శిక్ష కూడా మారింది. 2024 ఏప్రిల్ నుండి జైలు తీసివేసి 10,000 రూపాయల నుండి 15 లక్షల దాకా జరిమానా పెట్టినారు. అర్జీలో "భరింపరానిది" వంటి మాటలు వ్రాయకండి. తేదీ, మొదలైన గంట, ఆగిన గంట, మీ ఇంటికి ఎన్ని గజాల దూరమో, వీధిలో ఎన్ని ఇళ్లున్నాయో, ఏ ఇంట్లో రోగులు, చంటిబిడ్డలు, పరీక్షల పిల్లలు వున్నారో వ్రాయండి. మీ సంతకం కింద ఇరుగుపొరుగు సంతకాలు పెట్టించండి. ఒక నకలు మీ దగ్గర వుంచుకొని, ఇచ్చినదానికి రసీదు తీసుకోండి.